కింద వీధి వరసలో మొదటి బిందె

వార్డు మెంబరు మునిరత్నం గడప బయట చెప్పులు విడిచి, పంచె ఎగగట్టుకుని, బిందెల ముందు గొంతుక్కూర్చున్నాడు. నాకు భయం పుట్టింది అప్పుడే.

ఆ పొద్దున స్కూలు హాల్లోకి వచ్చినవాళ్ళంతా అప్పటిదాకా నిలబడే చూశారు. చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకు వంచి, "బాగుంది టీచర్" అని వెళ్ళిపోయారు. బొమ్మను చూసేవాళ్ళు అట్లాగే చూస్తారు. ఇతను తప్పిపోయిన దూడను మందలో వెతికేవాడిలా, ఒక్కొక్క బిందె మెడా అడుగూ చూసుకుంటూ జరిగాడు. ఎడమ వరసలో ఒక ఎవర్‌సిల్వర్ స్టీలు బిందె దగ్గర ఆగి నవ్వాడు.

"ఇది మా యింటిదే గదా!"

దాని పక్కది తన తమ్ముడి ఇంటిదని గుర్తుపట్టాడు. ఇంకొక్కటి కూడా గుర్తుపట్టాడు. ఆ తర్వాత కుడి వరసకు వచ్చాడు. అక్కడ నవ్వలేదు. వరసలో మొదటిది సొట్టపడిన ఇత్తడి బిందె, మెడకు ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది. దాన్ని వేలితో తట్టాడు.

"ఈ బింద మా వీధిలో చూసినట్టుండాదే. ఎవురిది టీచరమ్మా?"

"పిల్లలు తెచ్చినారండీ. ఎవరు ఏది తెచ్చినారో నాకు తెలీదు."

"కనుక్కోండి" అన్నాడు మోకాళ్ళు దులుపుకుంటూ. "సాయంత్రం ఎగ్జిబిషన్‌కు వస్తాం గదా. అప్పుడు చెప్పండి."

ఈ మాట అతను కోపంగా అనలేదు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే నాకు నచ్చలేదు.

*ఎవరికీ హాని చేయని పని*

తిరుత్తణిలో ఒకటో తరగతి నుంచీ ఉన్న ఒక ఎయిడెడ్ బాలికల హైస్కూల్లో నేను డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు, తిరువళ్ళూరులో ఉంటున్నాం. వృత్తి అనుభవాలు మామూలుగా శాలువా కప్పించుకుని రిటైరయినవాళ్ళు రాస్తారు. నేను శాలువా దాకా పోలేదు. నా పిల్లలింకా చిన్నవాళ్ళు. కానీ మా బంధువుల్లో ఇద్దరమ్మాయిలు డ్రాయింగ్ పరీక్ష పాసై ఈ జూన్‌లో ఉద్యోగాల్లో చేరబోతున్నారు. ఒకమ్మాయికి పొన్నేరి స్కూల్లో వచ్చింది. "పిన్నీ, ఆ పని ఎట్లా ఉంటుంది?" అని అడిగారు. పగలు చెప్పే తీరిక లేదు. పిల్లలు నిద్రపోయాక, తలుపు గడియ ఇంకోసారి చూసి వచ్చి రాస్తున్నాను.

డ్రాయింగ్ టీచరంటే స్కూల్లో అందరికీ చులకనే. లెక్కల టీచరు సెలవు పెడితే ఆ క్లాసు మనకే. వార్షికోత్సవానికి స్టేజీ మీద రంగు కాగితాలు అంటించేది మనమే. పెద్దమనుషులెవరైనా వస్తే వాకిట్లో ముగ్గు వేసేది మనమే. చేయండి, నామోషీ పడకండి. అయితే ఇది ఎవరికీ హాని చేయని పని అని మాత్రం అనుకోకండి. లెక్కల టీచరు బోర్డు మీద రాసింది గంట కొట్టగానే చెరిగిపోతుంది. మనం చేయించింది గోడకు తగిలిస్తారు. ఊరు చూస్తుంది.

నేను చేరిన ఏడాది ఎన్నికలొచ్చాయి. మా స్కూల్లో పోలింగ్. ముందురోజు ఒక గుమాస్తా వచ్చి గోడల మీద పిల్లల బొమ్మలన్నీ చూసి, పార్టీ గుర్తులని చెప్పి సూర్యుడున్నవి తీసేయమన్నాడు. తీశాను. ఆకులున్నవి కూడా అన్నాడు. అవీ తీశాను. వెళ్ళబోతూ, ఒకటో తరగతి పిల్ల తన అరచేయి కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకున్న బొమ్మ దగ్గర ఆగి, "ఇది గూడా వద్దులేమ్మా" అన్నాడు. పొద్దు పొడవకూడదు, చెట్టు చిగురించకూడదు, మనిషికి చెయ్యి ఉండకూడదు. మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు ముందుగానే అందరిచేతా చేపలు గీయించాను. అవి ఏ పార్టీవో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి నవ్వులాటగా చెప్పుకునేదాన్ని. మునిరత్నం గొంతుక్కూర్చున్న రోజు తర్వాత నవ్వులాటగా చెప్పడం మానేశాను.

*బిందె ఉంటే మనిషి ఉన్నట్టే*

ఆ రోజుల్లో తిరుత్తణిలో వీధి కుళాయికి నీళ్ళొచ్చేది ఒక్క పూట. నీళ్ళు రాకముందే బిందెలు వెళ్ళి వరసలో నిలబడేవి. మనుషులు ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేవాళ్ళు. బిందె అక్కడుంటే మనిషి అక్కడున్నట్టే లెక్క. ఒకరి బిందెను ఇంకొకరు జరిపితే చెంప మీద కొట్టినట్టే. అందుకే తారుమారు కాకుండా మెడకు పీలిక కట్టేవాళ్ళు, సొట్టను గుర్తుపెట్టుకునేవాళ్ళు, చిల్లికి మాటు వేయించిన చోటును గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఏ బిందె ఎవరిదో వీధిలో ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళకు తమ ఇంటిదీ తోడబుట్టినవాళ్ళదీ తప్ప తెలీదు. నీళ్ళకు వస్తే కదా తెలిసేది.

మా వార్డులో పై వీధి, కింద వీధి అని రెండున్నాయి. మునిరత్నం పై వీధివాడు. పంచాయతీ ఎన్నికల్లో గెలిచాడు. కింద వీధి అవతలి పార్టీకి ఓటేసింది. రెండు వీధుల్లోనూ తెలుగువాళ్ళున్నారు, తమిళులున్నారు, ఒకరికొకరు చుట్టాలున్నారు. అయినా గెలిచిన కొద్ది రోజులకే కింద వీధి కుళాయి సన్నగిల్లింది. పైపులో గాలి పట్టిందన్నారు పంచాయతీవాళ్ళు. గాలి ఆ ఒక్క వీధికే ఎట్లా పట్టిందని ఎవరూ అడగలేదు. రెండు వీధులవాళ్ళూ శుభకార్యాలకు పిలుపులు మానుకున్నారు. మా స్కూల్లో ఆ రెండు వీధుల పిల్లలు మధ్యాహ్నం అన్నం క్యారియర్లు తీసుకుని వరండాకు ఒకవైపు వీళ్ళు, ఇంకోవైపు వాళ్ళు కూర్చోసాగారు.

అది చూసే నాకు ఆలోచన వచ్చింది. వార్షికోత్సవ ప్రదర్శనకు ఐక్యత మీద ఏదైనా చేయించమని హెడ్మిస్ట్రెస్ అన్నారు. కరచాలనం చేసే బొమ్మలు నాకిష్టం లేదు. రోజువారీ వస్తువులతోనే శిల్పం చేయొచ్చని మా కాలేజీలో ఒక లెక్చరరు చెప్పేవారు. వస్తువును మార్చనక్కర్లేదు, అది ఉండే చోటు మారిస్తే చాలు, చూసేవాడికి అది కొత్తగా కనబడుతుంది అనేవారు. హాలు మధ్యలో పాత పైపు ముక్క నిలబెట్టి, దానికి కుళాయి బిగించి, కుళాయి మూతికి పెద్ద ఇనప తాళం వేలాడదీశాను. దానికి అటొక వరస, ఇటొక వరస. నిజం బిందెలే. ఆ పొద్దున నీళ్ళు పట్టుకున్నాక ఇంటికొకటి తెచ్చి, సాయంత్రం పట్టుకుపొమ్మన్నాను. రెండు వరసలూ దాహంతోనే ఉన్నాయి, కుళాయి ఇద్దరికీ తాళమే వేసుకుంది. అంతకుమించి నా ఉద్దేశం ఏమీ లేదు.

పిల్లల పని మీద నేను చెయ్యి పెట్టను. గీత వంకరపోయినా దిద్దను. వాళ్ళది వాళ్ళకు వదిలేస్తాను. ఆ రోజూ అంతే. "రెండు వరసలు. ఎవరి బిందె వాళ్ళే పెట్టండి" అన్నాను. ఏది ఎవరి వరసో చెప్పలేదు. పిల్లలు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఏయ్, నువ్వు మా ఎనక మే!" అని ఇద్దరు మాత్రం తోసుకుని, మళ్ళీ సర్దుకున్నారు. ఎంత బాగా కుదిరింది అనుకున్నాను. రోజూ తమ అమ్మల బిందెలు ఎక్కడ నిలబడతాయో సరిగ్గా అక్కడే పెట్టారని నాకు తోచలేదు. నేను పై వీధిలో అద్దెకున్నా, మా ఇంటికి ఒకామె కుడాలతో, అంటే ప్లాస్టిక్ బిందెలతో, నీళ్ళు తెచ్చిపోసేది. కుళాయి వరసలో నేనెన్నడూ నిలబడలేదు.

ఇక చూసినవాళ్ళ సంగతి. తమిళం టీచరు చూసి గొంతు తగ్గించి, "ఇది ఎల్లై విషయమా టీచర్? అదంతా ఎప్పుడో ముగిసిపోయింది గదా" అన్నారు. ఎల్లై అంటే సరిహద్దు. తిరుత్తణి ఆంధ్రాదా తమిళనాడుదా అని ఒకప్పుడు జరిగిన గొడవ ఆయన మనసులో ఉంది, పైగా నేను తెలుగుదాన్ని. సైన్సు టీచరు అది మేనేజ్‌మెంటులో అన్నదమ్ముల తగాదా అనుకుంది. నా వైపు చూసి, "ధైర్యమే" అని కన్ను గీటింది. ఎవరి తగాదా వాళ్ళకు కనబడింది. అప్పటికి నాకది సరదాగానే ఉంది. మునిరత్నం ఒక్కడే ఉన్నదున్నట్టు చదివాడు. ఎడమ వరస పై వీధి, కుడి వరస కింద వీధి. మరి పై వీధి బిందె ఒకటి కింద వీధి వరసలో, అదీ అందరికంటే ముందు, ఏం చేస్తోంది?

*ఎవరడిగారు?*

మధ్యాహ్నం తొమ్మిదో తరగతి సుగుణను పక్కకు పిలిచాను. ఆ ఎర్ర పీలిక బిందె ఆ పిల్ల చంకన పెట్టుకుని రావడం నాకు గుర్తుంది.

"నీది పై వీధి గదా సుగుణా. ఆ వరసలో ఎందుకు పెట్టినావు?"

"మాయమ్మ ఆడనే గదా పెట్టేది టీచర్."

"కింద వీధిలోనా?"

"ఊ. తెల్లారకముందే మా నాయన పోయి వాల్వు తిప్పుతాడు. ముందు తుప్పు నీళ్ళొస్తాయి గదా, అది మా బిందలో పట్టి పారబోస్తాది మాయమ్మ. తెల్లగా వచ్చినాక తలుపులు తడతాది. అప్పుడు అందురూ వస్తారు." ఆ పిల్ల గొంతులో గర్వం ఉంది. "మా బింద లేకుంటే ఆ వీధిలో నీళ్ళే లేవు టీచర్."

"ఇది ఎవరికైనా చెప్పినావా?"

"ఎవురడిగినారు?"

సుగుణ తండ్రి ఏకాంబరం పంచాయతీ నీళ్ళ మనిషి. వీధుల వాల్వులు తిప్పడం అతని పని. టెంపరరీ. ఆ పని మునిరత్నం మాట మీద వచ్చింది, మునిరత్నం మాట మీద పోతుంది. కింద వీధి వాల్వు బిగించి ఉంచమని అతనికి చెప్పిందీ మునిరత్నమే. ఏకాంబరం పగలు బిగించి ఉంచుతున్నాడు. పై వీధి లేవకముందు మాత్రం వదులుతున్నాడు. ఈ సంగతి బయటపడితే ఏకాంబరానికి పని పోతుంది, కింద వీధికి నీళ్ళు పోతాయి. బయటపెట్టడానికి ఒక్క పేరు చాలు. ఆ పేరు సాయంత్రం నన్ను అడగబోతున్నారు.

సుగుణకు అన్నం తెచ్చిన వాళ్ళమ్మ చెంగమ్మ వెనక గేటు దగ్గర నన్ను పట్టుకుంది. హాల్లోకి తొంగిచూసి వచ్చినట్టుంది, ముఖం పాలిపోయి ఉంది.

"తీసేయండి టీచరమ్మా. ఆ బింద తీసేయండి."

"ఆయన చూసేసినాడు చెంగమ్మా. ఇప్పుడు తీస్తే, తీసుకుపోయిందెవరని వెతుకుతాడు."

"పాప అడిగితే ఇస్కూలుకు గదా అని ఇచ్చినా. ఈ మాదిరి వరస పెట్టిస్తారని నాకేం తెలుసు?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సదువుకున్నోళ్ళు గదా మీరు. ఒక మాట ముందు అడిగుంటే?"

గేటు మూసి ఆమె దగ్గరికి జరిగాను.

"మా యింటి మనిషి నాతో గూడా చెప్పడమ్మా, ఎందుకు చేస్తాండాడో. లేస్తాడు, తిప్పొస్తాడు, పండుకుంటాడు. కింద వీధోళ్ళు ఇంతవరకు ఒక టీ నీళ్ళు గూడా పోసిందిలేదు, పోసినా తాగడు. ఎవురికీ చెప్పబాకండి."

*రెండు టంబ్లర్లు*

మా హెడ్మిస్ట్రెస్ తిరువళ్ళూరు క్రిస్టియన్ కుటుంబం ఆవిడ. నలుగురిలో తమిళం, నాతో ఒంటరిగా ఉన్నప్పుడు తెలుగు. నాకు పని నేర్పింది ఆవిడే, అది కాదనను. కానీ ఆ మధ్యాహ్నం ఆవిడ గదిలోకి పోతే, టేబుల్ మీద కాఫీ టంబ్లర్లు రెండున్నాయి.

"ఆయన మన కమిటీలో మాట చెల్లేటోడు" అన్నారు, నేనేమీ చెప్పకముందే. "నీ పోస్టు ఇంకా కన్ఫర్మ్ కాలేదు. అడిగిందానికి జవాబు చెప్పేస్తే అయిపోతాది గదా. ఒక బింద ఎవరిదో చెప్పేదానికి ఇంత ఆలోచనేంది?"

బిందె సంగతి ఆవిడకెవరు చెప్పారు?

"ఆయన ఇక్కడికొచ్చి వెళ్ళినారా మేడం?"

"ఎందుకడుగుతాండావు?"

"రెండు టంబ్లర్లుంటే అడిగినాను."

ఆవిడ ఒక టంబ్లరు తీసి కిటికీలో పెట్టారు. "నువ్వు శానా చూస్తావు. మన స్కూల్లో అది మంచిది కాదు."

మునిరత్నాన్ని పొద్దున్నే పిలిపించింది ఆవిడేనా? లేక అతనే దారిన పోతూ వచ్చి కాఫీ తాగి పోయాడా? ఈ రోజుకీ తేల్చుకోలేదు. ఒక్కటి చెప్తాను. పై అధికారి మంచివాళ్ళు కావచ్చు, నీకు నేర్పినవాళ్ళు కావచ్చు. అయినా నీ పని మీద వేరేవాళ్ళు ప్రశ్న వేసినప్పుడు వాళ్ళు ఎవరి పక్కన కూర్చుంటారో ముందే చూసుకో. చూసుకోకుండా నమ్మడం వినయం కాదు, సోమరితనం.

*సాయంత్రం*

తల్లులు వచ్చారు. పై వీధివాళ్ళు కిటికీల వైపు, కింద వీధివాళ్ళు తలుపు వైపు నిలబడ్డారు. వాళ్ళను నిలబెట్టిందీ నేను కాదు. ఒక్కొక్కరూ ముందు తన బిందెను వెతుక్కుని చూసుకున్నారు, ముసిముసిగా నవ్వుకున్నారు. తర్వాత అందరి చూపూ కుడి వరస మొదటికి పోయింది. అక్కడినుంచి నా మీదికి వచ్చింది. నాకు అర్థమైంది. వాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఎర్ర పీలిక ఎవరిదో రెండు పక్కలా అందరికీ తెలుసు. ఏ ఒక్కరు నోరు విప్పినా చాలు. చెంగమ్మ వెనక గోడకు ఆనుకుని నేల చూస్తోంది. సుగుణ మాత్రం బిందె పక్కనే నిలబడి, ఎవరైనా అడుగుతారేమో, చెబుదామని చూస్తోంది.

మునిరత్నం వచ్చాడు. తాళం చూసి, "బాగుండాదే! కుళాయికి తాళమా?" అని పక్కవాళ్ళతో నవ్వాడు. నవ్వుతూనే నా వైపు తిరిగాడు.

"కనుక్కున్నారా టీచరమ్మా? ఇదెవురిది?"

సుగుణ నోరు తెరవబోయింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. గట్టిగానే వేసినట్టున్నాను.

"మా ఇంటిదేనండీ."

"మీదా?" అతను నన్నూ బిందెనూ మార్చి మార్చి చూశాడు. "పొద్దున తెలీదంటిరే."

"మీరు కూర్చుని అట్లా అడిగేసరికి భయమేసింది. ఎట్లా పెట్టాలో పిల్లలకు చూపించేదానికి ముందు నేను ఒకటి పెట్టినాను. నేను పెట్టిన తర్వాతే వాళ్ళు పెట్టినారు."

ఇన్నేళ్ళలో పిల్లల పని మీద చెయ్యి పెట్టనిదాన్ని, పెట్టానని అందరిముందూ చెప్పాను. నా పద్ధతి తెలిసిన సైన్సు టీచరు నా వైపు వింతగా చూసింది. 

"సరి. రెండు వరసలుండాయే, ఆ వరసలోనే పెట్టినారెందుకు?"

"కుడిచేతి వైపుంది. పెట్టినాను."

"మీ యింటికి ప్లాస్టిక్ కుడాలు గదా పోయేది. నేను దినామూ చూస్తాండేదే."

నేను తల్లుల వైపు చూశాను.  ఇప్పుడు ఎవరైనా ఒకామె నవ్వితే చాలు, పని అయిపోతుంది.

"రే మునిరత్నం!" కిటికీ వైపునుంచి వచ్చింది ఆ గొంతు. గోవిందమ్మ, అతనికి మేనత్త. పై వీధిలో ఆమె ముందు ఎవరూ గొంతెత్తరు. "అది ఆ యమ్మ పెండ్లి బింద రా. కే.జీ.కండిగ ఊర్లో వాళ్ళమ్మ ఇచ్చింది. నేను చూసినా. ఆడోళ్ళు పెండ్లి బింద కుళాయి కాడికి తెస్తారా, యింట్లో పెట్టుకుంటారా?"

"లేదత్తా, ఊరికే అడిగితి..."

"ఏం అడిగేది? ఓటర్ల లిస్టు అయిపోయింది, ఇంక బిందల లిస్టు రాస్తాండావా? రాసుకో. నీ పెండ్లాం బింద మాటు వేయించి ఎన్నాళ్ళయిందో నేను చెప్తా, అది గూడా రాసుకో."

రెండు వైపులా నవ్వులు లేచాయి. కిటికీల వైపూ, తలుపు వైపూ. మునిరత్నం కూడా నవ్వాడు. పళ్ళు నవ్వాయి, కళ్ళు బిందె మీదే ఉన్నాయి.

గోవిందమ్మ ఎందుకట్లా చెప్పింది? ఆమె కూతురిని ఇచ్చింది కింద వీధిలో. ఎన్నికల తర్వాత ఆ గడప తొక్కకూడదన్నారు. తొక్కలేదు. కానీ కూతురింట్లో పొద్దున్నే బిందెలు నిండుతున్నాయని ఆమెకు తెలుసు. దయ అని నేను అనుకోను. ఆమె లెక్క ఆమెకుంది. ఆ రోజు ఆమె లెక్కా నా అబద్ధమూ ఒక దారిన పోయాయి, అంతే.

"సరి టీచరమ్మా" అన్నాడు మునిరత్నం చెప్పులు వేసుకుంటూ. "మీ బింద మీరు భద్రంగా తీసుకుపోండి. మీరు పోయే దారే గదా మాదీ. చూస్తా ఉంటాం."

*తర్వాత*

పిల్లలు తమ బిందెలు తీసుకుని వెళ్ళిపోయారు. సుగుణ తన బిందె వైపు చూస్తూ నిలబడింది. "పో" అన్నాను. పోయింది. ఎర్ర పీలిక బిందెను నేను చంకన పెట్టుకుని పై వీధి మొదటినుంచి చివరిదాకా నడిచాను. అరుగుల మీద ఉన్నవాళ్ళు మాటలు ఆపి, నేను దాటాక మళ్ళీ మొదలుపెట్టారు. దానికి బదులు మా ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ కుడం తీసి, మాకు నీళ్ళు పోసే ఆమె చేతికిచ్చి, చెంగమ్మకు చేర్చమన్నాను. ప్లాస్టిక్‌వి అన్నీ ఒక అచ్చులోవి. అది ఏ వరసలో నిలబడినా ఎవరిదో చెప్పలేరు.

మా ఆయన తిరువళ్ళూరు ఫ్యాక్టరీనుంచి ట్రైన్ దిగి వచ్చి, వంటింట్లో బిందె చూసి, "ఇదేంది, మనది కాదే?" అన్నారు. చెప్పాను. చాలాసేపు షర్టు గుండీలు విప్పుతూనే ఉన్నారు.

"మనం అద్దెకుండేవాళ్ళం. ఇద్దరు పిల్లలు. నీకెందుకు వచ్చింది ఇది?"

"వచ్చింది కాదు. నేనే పిలిచినాను."

ఏకాంబరం ఉద్యోగం పోలేదు. కింద వీధిలో తెల్లవారుజామున తలుపులు తడుతూనే ఉన్నారని సుగుణ ముఖం చూస్తే తెలిసేది. ఆ పిల్ల నాతో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ఏడాది చివర నా పోస్టు కన్ఫర్మ్ కాలేదు. డిపార్ట్‌మెంటు ఒప్పుకోలేదన్నారు హెడ్మిస్ట్రెస్. కావచ్చు. మునిరత్నం మాట కావచ్చు. మా ఇంటికి నీళ్ళు పోసే ఆమె అదే నెలలో, ఏ కారణమూ చెప్పకుండా మానేసింది. అది కూడా ఏదైనా కావచ్చు. ఇట్లాంటివి ఒక్కటీ రుజువు కాదు. అన్నీ కలిపి చూసుకుంటూ బతకడం అలవాటవుతుంది.

అమ్మాయిలూ, నేను చెప్పేది శిల్పం చేయించొద్దని కాదు. చేయించండి. చేటలు, చీపుర్లు, బిందెలు, ఏమైనా తెప్పించండి. కానీ ఇంటి వస్తువు స్కూలుకొచ్చిందంటే, దాన్ని వాడే చెయ్యి కూడా దానితో వచ్చినట్టే. కాగితం మీద బొమ్మైతే ఊహ అని తప్పించుకోవచ్చు. ఇది ఊహ కాదు. పిల్లల్ని పెట్టమంటే ఉన్నదున్నట్టే పెడతారు. వాళ్ళకు వేరేగా రాదు. కాబట్టి తెప్పించకముందే ఒకసారి ఆ వీధిలో నడిచి రండి. కుళాయి వరసలో నిలబడి రండి. తల్లిని అడగండి. నేను అడగలేదు.

మరి ఆ అబద్ధం? తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. దాని బరువు ఎంతో మాత్రం మర్నాడు పొద్దున తెలిసింది.

మునిరత్నం ఆ పూట ఎవరినైనా పంపుతాడని నా అనుమానం. పెద్దవాళ్ళను అడగరు. వాకిట్లో ఆడుకునే పిల్లల్ని అడుగుతారు. మా చిన్నోడికి నాలుగేళ్ళు, ఆడుకునేది సుగుణ ఇంటి వాకిట్లోనే. బిందెను చూస్తూనే "ఇది సుగుణక్కది!" అని చప్పట్లు కొట్టాడు. మా పెద్దమ్మాయి జయంతి మా స్కూల్లోనే రెండో తరగతి. ఇద్దరినీ వంటింట్లో పీటల మీద కూర్చోబెట్టి, తలుపు మూసి, బిందె వాళ్ళ ముందు పెట్టాను. పీలిక విప్పి పొయ్యిలో వేశాను.

"ఇది సుగుణక్కది కాదు. మనది" అన్నాను. "నా పెళ్ళికి అమ్మమ్మ ఇచ్చింది."

చిన్నోడు ఒప్పుకున్నాడు. వాడికి దోసె కావాలి. జయంతి ఒప్పుకోలేదు.

"మరి ఇన్నాళ్ళూ యాడుండింది?"

"అటక మీద."

జయంతి తలెత్తి పైకి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. పైన దూలాలూ పెంకులూ తప్ప ఏమీ లేవు.

"మనింట్లో అటక లేదు గదమ్మా."

"ఎవరైనా అడిగితే ఉందని చెప్పు" అన్నాను.